రిమోట్ టవర్ క్రేన్: నేల మీద నిలబడి నడిపేవాడు చూసుకోవాల్సినవి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: హన్మకొండలో పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్. ఇన్నాళ్లూ క్యాబిన్‌లో కూర్చుని నడిపావు. ఇప్పుడు కాంట్రాక్టర్ రిమోట్ ఉన్న ఫ్లాట్‌టాప్ క్రేన్ తెచ్చి, “రోజూ ఎక్కే పని లేదు, సిగ్నల్‌మ్యాన్ కూడా అక్కర్లేదు, నువ్వే చూసుకుంటూ నడిపెయ్” అన్నాడు. ఇది సేఫేనా, ఏమేం చూసుకోవాలి, కాంట్రాక్టర్‌కు ఏం చెప్పాలి అని.

క్రేన్ సేఫే. ఎక్కే పని లేదన్న మాట సగం నిజం. సిగ్నల్‌మ్యాన్ అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకోకు.

నేను పదకొండేళ్లు క్యాబిన్‌లో కూర్చున్నాను, తర్వాత ఏడేళ్లుగా రిమోట్ మీద ఉన్నాను. రామగుండం, కరీంనగర్, వరంగల్, అంతా ఈ చుట్టుపక్కలే. పొద్దున్నే 45 మీటర్లు నిచ్చెన ఎక్కుతూ తిట్టుకోని రోజు లేదు. కిందికి దిగి రిమోట్ మెడలో వేసుకున్నాకే ఆ ఎక్కడం నాకు ఏం చేసిపెట్టేదో తెలిసింది. ఎక్కేటప్పుడు మాస్ట్ (క్రేన్ నిలువు స్తంభం) పిన్నులు, బోల్టులు, వాటి స్ప్లిట్ పిన్నులు కంటికి ఆనేవి. స్లూయింగ్ రింగ్ (క్రేన్ పైభాగం తిరిగే చక్రం) దగ్గర గ్రీజు ఎండిపోతే కనిపించేది. లోడు ఎత్తే హాయిస్ట్ మోటారు గొంతు మారితే చెవికి తెలిసేది. బరువైన లోడు లేచిందంటే సీటు కాస్త ముందుకు వాలేది, మీటర్ చూడకముందే నడుముకు తెలిసిపోయేది. గాలి సంగతి సరేసరి.

నేల మీద ఇవేవీ ఉండవు. కింద వేపాకు కదలదు, పైన జిబ్ (క్రేన్ అడ్డంగా చాచిన పొడుగు చెయ్యి) గాలికి మూలుగుతుంటుంది. రిమోట్ మన చేతిలో ఉంటుంది కాబట్టి క్రేన్ దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, క్యాబిన్‌లో ఉన్నప్పటికంటే దూరంగా ఉన్నాం. ఆ ఒళ్లు చెప్పేవన్నీ ఇప్పుడు వేరే దారిలో తెచ్చుకోవాలి. గాలికి పైన ఎనిమోమీటర్ (గాలి వేగం కొలిచేది), లోడుకు రిమోట్ మీది డిస్‌ప్లే, కంటికి సిగ్నల్‌మ్యాన్, బోల్టులకు ఎవరో ఒకరు ఎక్కి చూసే రోజు. వీటిలో ఏది తగ్గినా నువ్వు గుడ్డిగా నడుపుతున్నట్టే.

ముందు సిగ్నల్‌మ్యాన్ సంగతి. రిమోట్ వల్ల లోడు కట్టే చోటుకో, దించే చోటుకో నడిచి వెళ్లి దగ్గరగా చూడొచ్చు. బాగుంది. కానీ ఒకేసారి రెండు చోట్లా ఉండలేవు. కింద సలాక కట్ట లేపి పదో స్లాబ్ మీద దించాలంటే, కింద ఉంటే పైన ఏం జరుగుతోందో కనబడదు, పైన ఉంటే కింద ఎవడు కట్ట పక్కన నిలబడ్డాడో కనబడదు. ట్రాలీ (జిబ్ వెంట జరుగుతూ హుక్కును మోసే బండి) మీద కెమెరా ఉన్నా అది పైనుంచి చూపిస్తుంది. హుక్కు కింద బోల్తా కొట్టబోయే మూలను చూపించదు. అందుకే కట్టే చోట రిగ్గర్ (లోడుకు స్లింగులు వేసేవాడు), దించే చోట సిగ్నల్‌మ్యాన్, మధ్యలో నువ్వు. సైగలు ఒక్కడే ఇవ్వాలి, “ఆపు” మాత్రం ఎవరైనా అనొచ్చు.

మన సైట్లలో సగం మంది బిహార్, జార్ఖండ్, ఒడిశా వాళ్లు. పైకి అంటే “హాబీస్”, కిందికి అంటే “ఆరియా”. ఓడల మీది ఖలాసీల నుంచి వచ్చిన మాటలివి. ఏ భాషవాడికైనా అర్థమవుతాయి కాబట్టి మార్చే ప్రయత్నం చేయకు. కానీ వాకీటాకీలో ఒక అలవాటు గట్టిగా చేయించు: కనపడని లిఫ్టులో సిగ్నల్‌మ్యాన్ నోరు ఆపకూడదు. “ఆరియా, ఆరియా, ఆరియా, ఆహిస్తా, ఆరియా...” ఇలా అంటూనే ఉండాలి. ఆ గొంతు తెగిందంటే రిమోట్ మీది స్టిక్ వదిలేయాలి. బ్యాటరీ అయిపోయిందా, వాడు కింద పడ్డాడా, పక్కవాడితో మాట్లాడుతున్నాడా, అదంతా తర్వాత. ఒక్కసారి “ఆరియా” అని ఊరుకుంటే వాడి చివరి మాట మీద నమ్మకంతో పది మీటర్లు దించేస్తాం.

ఇంకో ప్రమాదం, నువ్వే స్లింగు (లోడుకు చుట్టే తాడు) కట్టి నువ్వే ఎత్తడం. చిన్న సైట్లలో చాలామంది చేసేదే. రిమోట్ నడుముకు బెల్టుతో వేలాడుతుంటుంది, సలాక కట్ట మీదికి వంగి షాకిల్ పిన్ను తిప్పుతుంటావు, పొట్టకు కట్టకు మధ్య జాయ్‌స్టిక్ నలుగుతుంది. అంతే, హుక్కు లేస్తుంది, వేళ్లు స్లింగు లోపల ఉంటాయి. స్టిక్ చుట్టూ రక్షణ చట్రం ఉన్నా నమ్మొద్దు. లోడు మీద చెయ్యి వేసే ముందు ఎర్ర స్టాప్ బటన్ నొక్కాలి. నొక్కని చేతితో లోడు ముట్టుకోవద్దు. రిమోట్‌ను ఆన్‌లో ఉంచి ప్లైవుడ్ దొంతర మీద పెట్టి నీళ్లు తాగడానికి పోవడం ఇంతకంటే ఘోరం. ఎవరో కుర్రాడు “అన్నా, నీ రిమోట్” అంటూ తెచ్చిస్తాడు, ఎక్కడ పట్టుకుని తెస్తాడో వాడికే తెలియదు.

ఇప్పుడు ఎడమ, కుడి. రిమోట్‌కు మారిన క్యాబిన్ ఆపరేటర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. క్యాబిన్‌లో నీ ముఖం ఎప్పుడూ జిబ్ పోయే వైపే ఉంటుంది. స్టిక్ ఎడమకు నెడితే లోకం ఎడమకే తిరుగుతుంది. కింద నువ్వు ఎటైనా నిలబడొచ్చు, రిమోట్‌కు ఆ సంగతి తెలియదు. జిబ్ కొస కింద టవర్ వైపు తిరిగి నిలబడితే, స్టిక్ ఎడమకు నెట్టినప్పుడు లోడు నీ కుడికి పోతుంది.

రిమోట్ తీసుకున్న రెండో వారం. కరీంనగర్‌లో ఒక సైట్, పేరు ఎందుకులే. స్లాబ్ అంచున టవర్ వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. పన్నెండు మీటర్ల సలాక కట్ట వేలాడుతోంది. ఎడమకు జరపాలి, నెట్టాను, కట్ట కుడికి కదిలింది. అటు ఇద్దరు సెంట్రింగ్ వాళ్లు డబ్బాలు పరుస్తున్నారు. కంగారులో మనిషి ఏం చేస్తాడు? ఎడమకు పోవాలి కదా అని నేనూ ఎడమకే ఇంకా నెట్టాను. అరుపులు వినపడ్డాక వేళ్లు తెరుచుకున్నాయి. క్రేన్ ఆగింది, లోడు ఆగలేదు. ఊగి వచ్చి కట్ట కొస రెయిలింగ్ పైపును వంచేసింది. ఆ ఇద్దరూ అప్పటికే బోర్లా పడుకున్నారు కాబట్టి బతికారు. ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇదీ. వీలైనంతవరకు టవర్‌కు వీపు పెట్టి జిబ్ పోయే దిక్కుకే ముఖం పెడతాను. అలా కుదరని చోట, లోడు కట్టకముందే ఖాళీ హుక్కుతో, అతి తక్కువ గేరులో, ఒక మీటరు అటు ఒక మీటరు ఇటు తిప్పి చూస్తాను. నిలబడే చోటు మారిస్తే మళ్లీ చూస్తాను. జిబ్‌కు వెనక వైపు బరువులు మోసే కౌంటర్ జిబ్‌కు ఒక పక్క ఎర్ర రంగు, ఇంకో పక్క పచ్చ రంగు వేయించి, రిమోట్ మీద స్లూయింగ్ స్టిక్‌కు రెండు వైపులా అవే రంగుల టేపు అంటించాను. చిన్నపిల్లల ఆటలాగా ఉందని మా ఇంజనీర్ నవ్వాడు, తర్వాత మిగతా క్రేన్లకూ అతనే వేయించాడు. లోడు గాల్లో ఉండగా నడవొద్దు. పైకి చూస్తూ నడిచేవాడి కాలికి తగలని సలాక ముక్క సైట్‌లో ఉండదు. ఆపు, నడువు, నిలబడు, మళ్లీ కదిలించు. హెల్మెట్ అంచు పైచూపుకు అడ్డం వస్తుందని దాన్ని వెనక్కి తిప్పి పెట్టుకుంటారు చాలామంది. అది చేయకుండా, అంచు పొట్టిగా ఉన్న, గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్ అడిగి తీసుకో.

లోడు లెక్క నీకు తెలిసిందే అయినా ఒక్కటి చెబుతాను, ఎందుకంటే రిమోట్ క్రేన్ అనగానే “ఆరు టన్నుల క్రేన్” అని అందరూ ఆరు టన్నులే గుర్తుపెట్టుకుంటారు. మా దగ్గరున్న ఆరు టన్నుల క్రేన్‌కు 50 మీటర్ల జిబ్ కొసన 1.3 టన్నులే రాసుంది. అర క్యూబిక్ మీటరు కాంక్రీట్ బకెట్ తీసుకో. క్యూబిక్ మీటరుకు దాదాపు 2.5 టన్నుల చొప్పున కాంక్రీట్ 1.25 టన్నులు, బకెట్ సొంత బరువు ఇంకో 200 కిలోలు. మొత్తం 1.45. అంటే నిండు బకెట్ ఆ కొసకు పోకూడదు. మా చార్ట్‌లో 45 మీటర్ల దగ్గర 1.5 ఉంది, అక్కడిదాకా పోతుంది. టవర్ దగ్గర లేపినప్పుడు క్రేన్ ఏమీ అనదు, ట్రాలీ బయటికి పోతుంటే మూమెంట్ లిమిట్ (బరువు, దూరం రెండూ కలిపి చూసే హద్దు) పడి నడిమధ్య ఆగిపోతుంది. అప్పుడు పైకెత్తడం, బయటికి పోవడం రెండూ ఆగుతాయి, కిందికి దించడం, లోపలికి తేవడం మాత్రం పనిచేస్తాయి. అది క్రేన్ చేసే మేలు. అక్కడ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లిమిట్ స్విచ్‌కు చిన్న వైరు ముక్కతో జంపర్ కొట్టించి ఆ హద్దు పనిచేయకుండా చేసే మేస్త్రీలు ఉన్నారు. వాళ్లకు ఒకటే చెప్పు: “జంపర్ కొడితే రిమోట్ నువ్వే పట్టుకో.”

సలాకకు మన పాత సూత్రమే: డయా వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు బరువు. 16 ఎంఎం సలాక మీటరుకు 1.58 కిలోలు, పన్నెండు మీటర్లకు 19. కట్టలో అరవై ఉంటే 1,140 కిలోలు. కట్టకు చుట్టిన బైండింగ్ వైరుకే హుక్కు తగిలించి ఎత్తేవాళ్లను కళ్లారా చూశాను. రెండు స్లింగులు వేయాలి, ఒక్కోటి కట్టను చుట్టి మెలేసి బిగించాలి, తాడుతో కొస పట్టుకోవాలి. స్లింగు కాళ్లు మరీ వెడల్పుగా పరుచుకోకూడదు. టన్ను బరువుకు నేలతో 60 డిగ్రీల కోణంలో ఒక్కో కాలి మీద దాదాపు 580 కిలోలు పడితే, 30 డిగ్రీలకు వాలిపోతే ఒక్కో కాలి మీదే టన్ను పడుతుంది.

ఇక రిమోట్ దాని గురించి. ప్రతి ట్రాన్స్‌మిటర్‌కు, పైన ఉన్న రిసీవర్‌కు ఒక జత కోడ్ ఉంటుంది, పక్క సైట్ రిమోట్ నీ క్రేన్‌ను కదిలించదు. కానీ ఒకే సైట్‌లో రెండు క్రేన్లు, రెండూ ఒకే పసుపు రంగు రిమోట్లు ఉంటే మనిషే తారుమారు చేస్తాడు. రిమోట్ మీద, మాస్ట్ మీద ఒకే నంబరు పెద్దగా రాయించు. పొద్దున ఆన్ చేశాక హారన్ కొట్టు. నీ క్రేనే మోగిందా అని విను. ఆ తర్వాత స్టాప్ బటన్ పనిచేస్తుందో లేదో ఖాళీ హుక్కు మెల్లగా కదులుతుండగా నొక్కి చూడు. ఆపై హుక్కు పై హద్దు దగ్గర, ట్రాలీ లోపలి, బయటి హద్దుల దగ్గర వాటంతట అవే ఆగుతున్నాయో చూడు. మొత్తం పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాల మీద నాకు మేస్త్రీలతో జరిగినన్ని గొడవలు దేని మీదా జరగలేదు.

సిగ్నల్ తెగితే క్రేన్ దానంతట అదే ఆగేలా తయారు చేస్తారు. మంచిదే. కానీ వేగంగా తిరుగుతుండగా ఆగితే లోడు ఊగుతుంది. లిఫ్ట్ గోడ వెనక, బేస్‌మెంట్‌లో, మందపాటి కాంక్రీట్ చాటున సిగ్నల్ బలహీనపడుతుంది. మొదటి రోజే ఖాళీ హుక్కుతో సైట్ అంతా తిరిగి, ఎక్కడెక్కడ తెగుతుందో చూసి, అక్కడ నేల మీద రంగుతో గీత గీయించు. అంతస్తు లేచినకొద్దీ ఆ చోట్లు మారతాయి, నెలకోసారి మళ్లీ చూడాలి. బ్యాటరీలు రెండుంటాయి, మధ్యాహ్నం భోజనం వేళకు తప్పనిసరిగా మార్చు. వార్నింగ్ మోగేదాకా ఆగితే అది సరిగ్గా బకెట్ గాల్లో ఉన్నప్పుడే మోగుతుంది. మే నెలలో స్పేర్ బ్యాటరీని రేకుల షెడ్డులో వదిలేయకు.

ఎర్ర బటన్ గురించి ఒక మాట. రోజూ మామూలుగా ఆపడానికి దాన్ని వాడొద్దు. స్టిక్ మెల్లగా మధ్యకు తెస్తే క్రేన్ నిదానంగా ఆగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే కరెంటు తెగి బ్రేక్ పడుతుంది, లోడు విసిరినట్టు ఊగుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆలోచించకుండా అదే నొక్కాలి. క్యాబిన్ కూడా ఉన్న క్రేన్ అయితే క్యాబిన్/రిమోట్ సెలెక్టర్ ఉంటుంది. ఎవరైనా మెకానిక్ పైకి ఎక్కుతుంటే రిమోట్ తాళం తీసి అతని జేబులో వేసి పంపు. అతను దిగి తాళం నీ చేతిలో పెట్టేదాకా క్రేన్ లేదనుకో.

గాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేస్తుంది, నాలుగు దాటాక ఒక మూల నల్లబడుతుంది, దుమ్ము లేస్తుంది. ఈదురుగాలి మొదలయ్యాక నీకు దొరికేది నిమిషాలే. చాలా క్రేన్ల మాన్యువల్స్‌లో పనిచేసే గాలికి గరిష్ఠ హద్దు గంటకు 72 కిలోమీటర్లు అని ఉంటుంది. అది క్రేన్ ఉక్కుకు హద్దు, నీ లోడుకు కాదు. మూడు మీటర్లకు మూడు మీటర్ల షట్టర్ ప్యానెల్ (కాంక్రీట్ పోసే అచ్చు పలక) వేలాడుతోందనుకో. గంటకు 54 కిలోమీటర్ల గాలి దాన్ని దాదాపు 125 కిలోల బలంతో తోస్తుంది. అదే గాలి సగమైతే తోపు 30 కిలోల పైచిలుకే, ఎందుకంటే వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. కింద తాడు పట్టుకున్న కుర్రాడి బరువెంత? నేను గాలి గంటకు 35 కిలోమీటర్లు దాటితే షట్టర్లు, ప్లైవుడ్ ఎత్తను, 50 దాటితే ఏదీ ఎత్తను. ఎనిమోమీటర్ రీడింగ్ రిమోట్ మీద కనిపించేలా పెట్టించుకో, హద్దు దాటితే మోగేలా కూడా. పిడుగులకు దామిని యాప్ ఫోన్‌లో వేసుకో.

సాయంత్రం క్రేన్ వదిలి వెళ్లేటప్పుడు చేసే పనిని నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకుంటాను. రాత్రి గాలికి జిబ్ దానంతట అది గాలి పోయే దిక్కుకు తిరిగిపోవాలి. దీన్నే వెదర్ వేన్ అనో ఫ్రీ స్లూ అనో అంటారు. క్యాబిన్‌లో అయితే లేవబోయే ముందు చెయ్యి దానంతట అదే ఆ బటన్ మీదికి పోయేది. రిమోట్‌లో ఏమవుతుంది? ఆరు కొట్టగానే రిమోట్ ఆఫ్ చేసి చార్జర్‌లో పెట్టి బస్సు ఎక్కేస్తాం. స్లూయింగ్ బ్రేక్ పట్టుకుని ఉంటే అర్ధరాత్రి గాలివాన మొత్తం జిబ్ పక్కటెముకలకు అడ్డంగా తగులుతుంది. టవర్ క్రేన్లు రాత్రిపూట కూలడానికి ఇదొక పెద్ద కారణం. అందుకని: లోడు, స్లింగులు ఏవీ హుక్కుకు ఉండకూడదు, హుక్కు పైకి, ట్రాలీ మాన్యువల్‌లో చెప్పిన చోటుకు, తర్వాత ఫ్రీ స్లూ. లైటు వెలిగింది కదా అని వెళ్లిపోకు. రెండు నిమిషాలు నిలబడి జిబ్ గాలితో పాటు కదులుతోందో లేదో కళ్లతో చూడు. గాలి లేని రోజున, కొన్ని మోడళ్లలో పైకి ఎక్కి బ్రేక్ విడుదలైందో చూసుకోవాల్సిందే. జిబ్‌కు పండక్కి ఫ్లెక్సీ కట్టమని అడుగుతారు, కట్టనివ్వకు. గాలి పట్టే వైశాల్యం పెరిగితే లెక్కంతా మారిపోతుంది. జిబ్‌ను తాడుతో బిల్డింగ్‌కు కట్టేయమనేవాళ్లూ ఉంటారు, వాళ్లకు ఇదే పేరా చదివి వినిపించు.

రోజూ ఎక్కకపోయినా వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు బెల్టు వేసుకుని ఎక్కి రోపు, పిన్నులు, బోల్టులు చూసి రిజిస్టర్‌లో రాయాలి. రోపులో తెగిన తీగలు ముళ్లలా లేస్తాయి, గుడ్డతో తుడిస్తే గుడ్డకు తగులుకుంటాయి, చేత్తో తడమకు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే, ఎత్తే యంత్రాలను మొదటిసారి వాడేముందు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి కాంపిటెంట్ పర్సన్ (గుర్తింపు పొందిన పరీక్షకుడు)‌తో పరీక్ష చేయించాలని, ఏడాదికోసారి పూర్తిగా తనిఖీ చేయించాలని ఉంది. మీ క్రేన్ వేరే సైట్‌లో విప్పి తెచ్చిందైతే, ఇక్కడ బిగించాక చేసిన లోడ్ టెస్ట్ కాగితం చూపించమను. పాత సైట్‌ది చూపిస్తే ఒప్పుకోకు.

కాజీపేట వైపు సైట్లయితే రైల్వే 25 కేవీ లైను, మామూలు కాలనీల్లో 11 కేవీ తీగలు. నేను జిబ్, రోపు, లోడు మూడింటిలో ఏదీ తీగలకు ఆరు మీటర్ల లోపలికి పోకుండా స్లూయింగ్ హద్దు పెట్టించుకుంటాను. లైను దగ్గర్లోనే ఉంటే ముందే విద్యుత్ శాఖను, రైల్వేను అడిగి అనుమతి తెచ్చుకోవాలి. రోడ్డు మీదుగా లోడు తిప్పడం కూడా అంతే, హద్దు పెట్టించు, నీ కంటి అంచనా మీద వదిలేయకు.

కాంట్రాక్టర్‌కు ఏం చెప్పాలి అని అడిగావు. గొడవ పడకు. సిగ్నల్‌మ్యాన్ జీతం నెలకెంతో ఆయనకు తెలుసు, క్రేన్ రెండు రోజులు ఆగితే ఎంత పోతుందో కూడా తెలుసు. కనపడని లిఫ్టుకు సిగ్నల్‌మ్యాన్ లేకుండా ఎత్తనని కాగితం మీద రాసి సైట్ ఇంజనీర్ సంతకం తీసుకో. సంతకం పెట్టమనగానే చాలామందికి సిగ్నల్‌మ్యాన్ దొరికేస్తాడు. నాకు రెండుసార్లు మర్నాడు పొద్దున్నే దొరికాడు.

మీ క్రేన్ మోడల్, జిబ్ పొడవు, కొస లోడు, మీరు తెచ్చిన బకెట్ సైజు రాయి. ఏ అంతస్తు దగ్గర ఏ మూలకు నిండు బకెట్ పోతుందో, ఎక్కడ ముప్పావు నింపాలో లెక్క వేసి చెబుతాను.